టవరు అందని ఘాట్‌లో బండి ఎవరితో మాట్లాడుతుంది?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బండిలో బిగించిన ఏదో ఒక వైర్‌లెస్ పరికరం గురించే. జవాబుల్లోకి వెళ్లే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఫాస్టాగ్‌కి మీ ఫోను టవరుతో పనిలేదు. జీపీఎస్‌కి ఆకాశం కనబడితే చాలు. ట్రాకింగ్ పరికరానికి ఆకాశమూ కావాలి, టవరూ కావాలి. ఏ పరికరం దేని మీద ఆధారపడుతుందో తెలిస్తే, ఎక్కడ ఆగిపోయిందో వెతకడం తేలిక.

ప్రశ్న: మా బస్సు రాయగడ–పార్వతీపురం మధ్య తిరుగుతుంది. ట్రాకింగ్ పరికరం, ఎమర్జెన్సీ బటన్లు పెట్టించాం. ఫిట్‌నెస్‌కి వెళ్తే పరికరం ఆఫ్‌లైన్‌లో ఉందన్నారు. బిగించినతను అంతా బాగానే ఉందంటాడు. పైగా ఎవరూ నొక్కకుండానే ఎమర్జెన్సీ అలర్టు వెళ్తోందట. ఎక్కడ చూడాలి?
— ఒక బస్సు యజమాని, రాయగడ

జవాబు: ఆఫ్‌లైన్ అని చూపినంత మాత్రాన పరికరం చెడిపోయినట్టు కాదు. అన్నిటికంటే ముందు చూడాల్సింది డేటా గడువు. పరికరం లోపల ఉండేది మామూలు సిమ్ కాదు, బోర్డు మీదే అతికిన ఈ-సిమ్. దానికి ఏడాదికో రెండేళ్లకో చందా కట్టాలి. గడువు దాటితే లైట్లు వెలుగుతూనే ఉంటాయి, సర్వరుకి మాత్రం ఏమీ చేరదు. బిగించినతనికి బాగానే ఉన్నట్టు కనబడేది ఇందుకే. ఐఎంఈఐ నంబరు (ప్రతి పరికరానికీ విడిగా ఉండే గుర్తింపు అంకె), సిమ్ నంబరు, గడువు తేదీ ఈ మూడూ ఉన్న కాగితం ఆయన దగ్గర తీసుకోండి.

రెండోది, వాహన్ (బండ్ల రిజిస్ట్రేషన్ల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు. మధ్యలో ఎప్పుడైనా పరికరం మార్చి ఉంటే, పాత ఐఎంఈఐ మీ బండి నంబరుకి అలాగే తగులుకుని ఉండొచ్చు. అప్పుడు కొత్త పరికరం ఎంత చక్కగా పనిచేసినా ఆర్టీవో తెర మీద కనబడదు. దీన్ని తయారీ కంపెనీ లాగిన్ నుంచే సరిచేయాలి. వైరింగు విప్పి లాభం లేదు.

ఈ రెండూ సరిగ్గా ఉంటే అప్పుడు మల్టీమీటరు తీయండి. 24 వోల్టుల బస్సులో ఇంజను ఆపి ఉన్నప్పుడు పరికరం ఎర్రతీగ దగ్గర 24 నుంచి 25.5 వోల్టుల దాకా, ఇంజను నడుస్తుంటే 27 నుంచి 28.5 దాకా రావాలి. బ్యాటరీ దగ్గర సరిగ్గా ఉండి పరికరం దగ్గర ఒక వోల్టుకి మించి తగ్గిందంటే మధ్యలో ఎక్కడో జాయింటు వదులు, లేదా ఎర్తింగు తుప్పు పట్టింది. ఎర్తు తీగని రంగు వేసిన రేకుకి స్క్రూతో బిగించి వదిలేయడం మామూలుగా జరిగే తప్పు. రంగు గీకి, రింగు టెర్మినల్ వేసి, ఛాసిస్‌కి బిగించాలి.

మీ బస్సుకి బ్యాటరీ మెయిన్ స్విచ్ ఉందా, రాత్రి డ్రైవరు దాన్ని ఆపేసి వెళ్తాడా? పరికరం కరెంటు ఆ స్విచ్ తర్వాత నుంచి తీసి ఉంటే రోజూ రాత్రి ‘ప్రధాన బ్యాటరీ తెగింది’ అని అలర్టు పోతుంది. ఈ ట్రాకింగ్ పరికరాలకు మన దేశంలో పెట్టిన ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం లోపలి బ్యాటరీ కనీసం 4 గంటలు నిలవాలి. పాతబడితే అంతసేపూ ఉండదు. ఆ తర్వాత తెల్లవారేదాకా ఆఫ్‌లైనే. అందుకే పరికరానికి కరెంటు స్విచ్ కంటే ముందు, బ్యాటరీ వైపు నుంచి తీసి, బ్యాటరీకి దగ్గరలో ఫ్యూజు పెట్టించాలి. ఫ్యూజు పరికరం పుస్తకంలో చెప్పిన ఆంపియర్లదే ఉండాలి. ‘పెద్దది వేస్తే మాటిమాటికీ పోదు’ అనే సలహా వినకండి. ఆ ఫ్యూజు ఉన్నది తీగ కాలకుండా కాపాడటానికి.

ఇక జీపీఎస్. పరికరాన్ని రేకు కప్పు కింద, ఇనప డబ్బాలో దాచిపెడితే ఉపగ్రహాల సిగ్నల్ అందదు. ఆ సిగ్నల్ మామూలుగానే అతి బలహీనం. యాంటెన్నా అద్దం కిందో ఫైబర్ భాగం కిందో, దాని పై ముఖం ఆకాశం వైపు ఉండేలా పెట్టాలి. నాసిరకం కారు ఛార్జర్లు, డ్యాష్‌క్యామ్‌లు కూడా జీపీఎస్ పట్టే 1575 మెగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తాయి. వాటిని ఒక్కొక్కటే పీకి చూడండి, తేడా తెలిసిపోతుంది.

పరీక్ష ఇలా చేయండి. బస్సుని ఆకాశం కనబడే చోట నిలిపి, తాళం తిప్పి, 2 నిమిషాలు ఆగండి. బయట బయలులో మొదటిసారి స్థానం పట్టడానికి ప్రమాణం ఇచ్చిన గరిష్ఠ సమయం అంతే. తర్వాత ట్రాకింగ్ పోర్టల్‌లో అక్షాంశ రేఖాంశాలు చూడండి. రాయగడలో ఉంటే 19.17, 83.42 దగ్గర అంకెలు రావాలి. రెండూ సున్నాలైతే డేటా వెళ్తోంది కానీ జీపీఎస్ పట్టలేదు. అంకెలు సరే కానీ సమయం పాతదైతే జీపీఎస్ బాగుంది, డేటా ఆగింది. సమయం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక ఉంటే అది లోపమే కాదు. పరికరం గ్రీనిచ్ సమయంలో పంపుతోంది, అంతే.

కొండల మధ్య టవరు లేని చోట బస్సు కనబడకపోవడం గురించి కంగారు వద్దు. సిగ్నల్ లేనప్పుడు పరికరం కనీసం 40,000 స్థానాల వివరాలు దాచుకుని, టవరు అందగానే పంపాలని ప్రమాణం చెబుతోంది. కొండ దిగాక మ్యాపులో ఆ దారంతా నిండాలి. ఎప్పటికీ నిండకుండా ఖాళీగానే ఉంటే మాత్రం ఆ పరికరం ప్రమాణానికి తగ్గట్టు లేదు. వారంటీలో మార్పించుకోండి.

ఎవరూ నొక్కని అలర్టు సంగతి. ఈ బటన్లు మామూలు కాలింగ్‌బెల్ స్విచ్‌కి తిరగేసి ఉంటాయి. నొక్కనప్పుడు సర్క్యూటు కలిసి ఉంటుంది, నొక్కితే తెగుతుంది. ఎవరైనా తీగ కోసినా అలర్టు వెళ్లాలనే ఉద్దేశంతో అలా పెట్టారు. కాబట్టి సీటు కింద ఎలుక కొరికినా, సీట్లు కుట్టించేటప్పుడు తీగ లాగినా, కనెక్టరు కుదుపుకి వదులైనా పరికరానికి ఒకటే అర్థం, ఎవరో నొక్కారని. బటన్లన్నీ ఒకే వరసలో కలిపి ఉంటే ఒక్క జాయింటు చాలు, మొత్తం గొలుసు తెగినట్టే. కంట్రోల్ రూముకి పరీక్ష చేస్తున్నామని ముందే కంపెనీ ద్వారా చెప్పించి, ఒక్కో బటన్ దగ్గర మీటరు పెట్టండి. నొక్కనప్పుడు దాదాపు సున్నా ఓములు, నొక్కితే ఓపెన్ (సర్క్యూటు తెగినట్టు) రావాలి. దొరికిన చెడు జాయింటుని మెలితిప్పి టేపు చుట్టొద్దు. క్రింప్ చేసి, పైన హీట్‌ష్రింక్ గొట్టం వేయించండి. దొంగ అలర్టులు పదేపదే వెళ్లే బస్సు నుంచి నిజంగా ఒక ఆడపిల్ల బటన్ నొక్కిన రోజున అవతలివాళ్లు దాన్నీ అలాగే అనుకునే ప్రమాదం ఉంది. అందుకే ఈ పని ఫిట్‌నెస్ కాగితం కోసం కాకుండా, ఈ వారమే చేయించండి.

ప్రశ్న: నాది పర్లాకిమిడిలో ట్యాక్సీ, ఓడీ-20 రిజిస్ట్రేషన్. ఎక్కువగా శ్రీకాకుళం, విశాఖ ఆసుపత్రులకు మనుషుల్ని తీసుకెళ్తాను. ఆంధ్రాలో ఉండగా బటన్ నొక్కితే ఎవరికి చేరుతుంది?
— ఒక డ్రైవరు, పర్లాకిమిడి

జవాబు: మీ పరికరం ఏ సర్వరుకి పంపాలో బిగించినప్పుడే రాసి ఉంటుంది. బండి రిజిస్టరైన రాష్ట్రం సర్వరుకి, తయారీదారు సర్వరుకి. మీరు టెక్కలి దగ్గర ఉన్నా అలర్టు ముందుగా ఒడిశా వైపే వెళ్తుంది. డేటా లేకపోతే ఎస్సెమ్మెస్‌గా పోయే ఏర్పాటు కూడా ప్రమాణంలో ఉంది. కానీ అక్కడి నుంచి ఆంధ్రా పోలీసులకు మాట చేరాలంటే మధ్యలో ఇంకొక మెట్టు.

కాబట్టి సరిహద్దు దాటే బండిలో బటన్ నొక్కడంతో ఆగకూడదు, 112కి ఫోన్ కూడా చేయాలి. 112 కాల్ బండి నంబరు చూడదు, ఫోను ఏ టవరు పట్టుకుందో దాన్ని బట్టి వెళ్తుంది. సరిహద్దు ఊళ్లలో ఇక్కడే ఒక చిక్కు. పర్లాకిమిడి శివార్లలో, పాతపట్నం దగ్గర, ఇచ్ఛాపురం దగ్గర ఫోను అవతలి రాష్ట్రం టవరు పట్టుకోవడం మామూలే. కాల్ తీసినవాళ్లు ‘ఎక్కడ’ అని అడిగితే ఊరి పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. ముందు రాష్ట్రం, తర్వాత జిల్లా, రోడ్డు, దగ్గరలో కనబడిన కిలోమీటరు రాయి. ఈ వరసలో చెబితే తప్పు కేంద్రానికి వెళ్లిన కాల్ కూడా త్వరగా సరైన చోటికి మళ్లుతుంది. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. ప్రమాదం, బ్రేక్‌డౌన్, క్రేను, అంబులెన్సు ఈ పనులకు ఆ నంబరు వాడండి.

ఫోను తెర మీద ఎమర్జెన్సీ కాల్స్ మాత్రమే అని వస్తే నిరాశపడొద్దు, 112 కొట్టి చూడండి. మీ కంపెనీ టవరు లేకపోయినా వేరే కంపెనీ టవరు మీదుగా వెళ్లే వీలుంటుంది. బటన్ ఫోనులో 5 లేదా 9 అంకెను నొక్కిపట్టడం, స్మార్ట్‌ఫోనులో పవర్ బటన్‌ని వరసగా నొక్కడం కూడా ఇందుకే పెట్టారు. మీ ఫోనులో అది ఎలా పనిచేస్తుందో సెట్టింగుల్లో ముందే చూసి ఉంచుకోండి.

ఈ ట్రాకింగ్ నిబంధన 2019 జనవరి 1 నుంచి రిజిస్టరైన కొత్త ప్రయాణికుల వాహనాలకు కేంద్రం పెట్టింది. ఆటోలకు, ఈ-రిక్షాలకు మినహాయింపు. పాత బండ్లకు గడువు పెట్టేది రాష్ట్రాలు. మీ బండి ఏ కోవలోదో మీ ఆర్టీవో ఆఫీసులోనే అడగండి.

ప్రశ్న: అద్దం పగిలి కొత్తది వేయించాను. పాత ఫాస్టాగ్ ఊడదీసి దాని మీదే అతికించాను. టోల్‌గేటులో ఒకసారి తీసుకుంటుంది, ఒకసారి తీసుకోదు.
— ఒక కారు యజమాని, బరంపురం

జవాబు: ఊడదీసిన ట్యాగ్ ఇక పనికిరాదు. దాంట్లో బ్యాటరీ ఉండదు. వెంట్రుకంత సన్నటి లోహపు గీతలే యాంటెన్నా. టోల్ లేన్ మీది రీడరు 865–867 మెగాహెర్ట్జ్ మధ్య తరంగం పంపితే, ఆ శక్తితోనే చిప్ మేలుకుని జవాబు తిప్పి కొడుతుంది. పీకేటప్పుడు ఆ గీత ఒక్కచోట చిట్లినా శక్తి చాలదు. ఒకసారి పనిచేసి ఒకసారి చేయకపోవడం సరిగ్గా అలాంటి ట్యాగ్ లక్షణమే. అద్దం బిల్లు చూపి, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకునే బదులు ట్యాగ్ అడగండి. వేరే బ్యాంకులో కొత్తగా తీసుకుంటే ఒక బండికి ఒకే ఫాస్టాగ్ అన్న నిబంధన వల్ల పాతది మూతపడుతుంది. అందులోని డబ్బు ముందే చూసుకోండి.

కొత్త ట్యాగ్‌ని అద్దం లోపలి వైపు, వెనక చూసే అద్దం వెనకాల, పైన మధ్యలో అతికించండి. ముందు గాజుని స్పిరిటుతో తుడిచి ఆరనివ్వాలి. మీరు వేయించిన అద్దం వేడిని ఆపే రకమా అన్నది కూడా అడగండి. వాటిలో కొన్నింటికి లోహపు పొర ఉంటుంది, రేడియో తరంగాన్ని అది అడ్డగిస్తుంది. అలాంటి అద్దాల్లో చాలావాటికి మిర్రర్ చుట్టూ పొర లేని చుక్కల భాగం వదులుతారు. ట్యాగ్ అక్కడే ఉండాలి. చేత్తో పట్టుకుని చూపించే అలవాటుంటే మానుకోండి, అద్దానికి అతికించని ట్యాగ్‌ని బ్లాక్‌లిస్టులో పెడుతున్నారు.

ముందు బండికి మరీ ఆనుకుని లేన్‌లోకి దూరకండి. రీడరు రెండు ట్యాగ్‌లనూ ఒకేసారి చదివితే ముందు బండికి గేటు తెరిచే లోపు మీ డబ్బు కట్ అవుతుంది, తర్వాత మీ దగ్గర తగాదా మొదలవుతుంది. ఒక బండి పట్టేంత ఎడం చాలు.

డబ్బు చాలకపోతే గేటు ముందు రీఛార్జి చేయడం ఆఖరి దారి మాత్రమే. బ్లాక్‌లిస్టులోంచి పేరు తీసిన సమాచారం టోల్ ప్లాజాకి చేరడానికి వ్యవధి పడుతుంది. గంట ముందే, ఇంటి దగ్గరే చేసుకోండి. ట్యాగ్ చెల్లకపోతే ఎంత కట్టాలన్నది 2025 నవంబరు 15 నుంచి మారింది. అప్పుడు పెట్టిన నిబంధనలో యూపీఐతో కడితే మామూలు రుసుముకి 1.25 రెట్లు, నగదుగా అయితే రెట్టింపు. అయితే మీ ట్యాగ్ చెల్లుబాటులో ఉండి, డబ్బు ఉండి, ప్లాజాలోని యంత్రమే చెడిపోతే రుసుము లేకుండా, సున్నా రసీదుతో పంపాలని 2018 నుంచే నిబంధన ఉంది. బ్యాంకు యాప్‌లో ట్యాగ్ యాక్టివ్‌గా ఉన్నట్టూ, బ్యాలెన్సూ చూపించి మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే 1033కి అక్కడి నుంచే ఫోన్ చేయండి.

ప్రశ్న: టోల్‌గేట్లకి ఇచ్చే ఫాస్టాగ్ ఏడాది పాస్ మా ఊళ్లో పసుపు ప్లేటు బండ్లకి కూడా ఇస్తారా?
— గుణుపురం నుంచి

జవాబు: ఇవ్వరు. 2025 ఆగస్టు 15న రూ.3,000 ధరతో మొదలైన ఆ పాస్ సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే. 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. రాష్ట్ర రహదారుల టోల్‌లలో చెల్లదు.

ప్రశ్న: మా లారీలు జయపురం నుంచి సాలూరు దిగుతాయి. సుంకి ఘాట్‌లో ఫోన్లు పనిచేయని మలుపులున్నాయి. రెండు మూడు బండ్లు కలిసి వెళ్లేటప్పుడు వాకీటాకీలు వాడుకోవచ్చా? ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి.
— ఒక ట్రాన్స్‌పోర్టు గుమాస్తా, జయపురం

జవాబు: వాడుకోవచ్చు, కానీ చవగ్గా దొరికే ప్రతి సెట్టూ కాదు. లైసెన్సు లేకుండా వాడగలిగే చిన్న చేతి సెట్లకు మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకే చోటు. సెట్టు ఆ పరిధి దాటకూడదు, తక్కువ పవరుదై ఉండాలి, దానికి డబ్ల్యూపీసీ (రేడియో తరంగాల వాడకాన్ని చూసే కేంద్ర విభాగం) వారి ఈటీఏ, అంటే పరికరం ఆమోద ధ్రువపత్రం ఉండాలి. 400 నుంచి 470 దాకా ఎక్కడైనా తిప్పుకోవచ్చు, 5 వాట్లు అని ప్రకటించేవి లైసెన్సు లేనిదే వాడకూడదు. పోలీసుల, అటవీశాఖ వారి సంభాషణల్లోకి అవి చొరబడే వీలుంది, సరిహద్దు అడవుల్లో అది చాలా పెద్ద చిక్కు. కొనేముందు అమ్మకందారుణ్ణి పౌనఃపున్యం, ఈటీఏ నంబరు రెండూ రాసిమ్మనండి.

ఎంత దూరం పనిచేస్తుంది? పెట్టె మీద రాసిన కిలోమీటర్లు నమ్మకండి. 446 దగ్గర తరంగం ఇంచుమించు చూపు సాగినంత దూరమే పోతుంది. తిన్నటి రోడ్డులో కిలోమీటరు పైన వస్తే, కొండ అడ్డం పడిన మలుపులో కొన్ని వందల మీటర్లకే మాట తెగుతుంది. ఘాట్‌లో మీకు కావలసింది కూడా అంతే, ముందు బండి ఒకటి రెండు మలుపుల అవతల చూసింది వెనక బండికి చెప్పగలగడం. క్యాబిన్ రేకుడబ్బా కాబట్టి సెట్టుని కిటికీ పక్కన నిలువుగా పట్టుకోవాలి. సీట్లో పడేసి ఉంచితే మాట అందే దూరం బాగా తగ్గిపోతుంది.

మాట్లాడాల్సింది క్లీనరు, డ్రైవరు కాదు. నడుపుతూ చేతిలో పరికరం పట్టుకోవడం నేరం, ఆ దిగుడులో ప్రాణాంతకం కూడా. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట మొదలుపెట్టాలి, లేదంటే మొదటి పదం ఎగిరిపోతుంది. తెలుగు డ్రైవరు, ఒడియా క్లీనరు కలిసి ఉండే బండ్లు ఎక్కువ కాబట్టి మూడు నాలుగు మాటలే ముందుగా ఖరారు చేసుకోండి. ‘ఎదురు లోడు’, ‘రోడ్డు బ్లాకు’, ‘బ్రేకు వేడి, ఆగుతున్నా’, దాని వెంట కిలోమీటరు రాయి నంబరు. విన్నవాళ్లు అదే మాట తిరిగి చెప్పాలి. చెప్పకపోతే అందలేదన్నట్టే లెక్క. ఇరుకైన చోట దిగే బండి ఆగి ఎక్కే బండికి దారివ్వాలన్నది 2017 డ్రైవింగ్ నియమావళిలోనే ఉంది. ‘ఎదురు లోడు’ వినగానే వెడల్పు చూసుకుని ఆగడం దిగేవాళ్ల వంతు.

ప్రశ్న: విదేశాల్లో బండ్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయని చదివాను. అది వస్తే మన ఘాట్ మలుపుల్లో ప్రమాదాలు ఆగుతాయా?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, కోరాపుట్

జవాబు: మీరు ఘాట్ మలుపు గురించి అడగడం సరైన చోట పట్టుకోవడమే. ఈ పద్ధతిలో ప్రతి బండి తన స్థానం, వేగం, దిశ, బ్రేకు పడిందా లేదా అన్నవి సెకనుకి దాదాపు 10 సార్లు చుట్టూ ప్రకటిస్తుంది. మధ్యలో టవరు అక్కర్లేదు. వైఫై కుటుంబానికి చెందిన 802.11పీ ప్రమాణం 2010లో, మొబైల్ కుటుంబానికి చెందిన సీ-వీ2ఎక్స్ 2017లో వచ్చాయి. రెండూ 5.9 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి. బయలు రోడ్డులో 300 మీటర్ల దాకా అందుతాయి.

ఇప్పుడు లెక్క వేయండి. రెండు బండ్లు చెరో 40 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తుంటే మధ్య దూరం సెకనుకి 22 మీటర్లు తరుగుతుంది. 300 మీటర్ల ముందు తెలిస్తే 13 సెకన్లు చేతిలో ఉంటాయి. కానీ 5.9 గిగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు 5 సెంటీమీటర్లే. కొండ అంచు చుట్టూ అది బాగా వంగదు. మలుపు తిరిగి 60 మీటర్ల దగ్గర గానీ సిగ్నల్ అందకపోతే మిగిలేది 3 సెకన్ల లోపు. లోడుతో దిగే లారీకి అది చాలదు.

దీనికి విరుగుడు బండిలో లేదు, రోడ్డు పక్కన ఉంది. మలుపు బయటి అంచున, రెండు వైపులా కనబడే చోట ఒక స్తంభం పెట్టి, ఇటు విన్నది అటు ప్రకటించే పెట్టె బిగించాలి. కరెంటు లేని చోట సౌర ఫలకం, బ్యాటరీ కావాలి. జపాన్‌లో 760 మెగాహెర్ట్జ్ వాడటం మరో దారి, అక్కడ తరంగం పొడవు 40 సెంటీమీటర్ల దగ్గర కాబట్టి మూల చాటుకి కాస్త మెరుగ్గా చేరుతుంది. 2015 నుంచి అక్కడ టయోటా కార్లలో అది ఉంది. అమెరికా 1999లో ఈ పనికి 75 మెగాహెర్ట్జ్ కేటాయించి, 2020లో అందులో 45 వైఫైకి ఇచ్చేసింది. ఇరవై ఏళ్లలో బండ్లలోకి పెద్దగా రాకపోవడమే కారణం.

రాకపోవడానికి మూలం కూడా లెక్కలోనే ఉంది. 100 బండ్లలో 10 బండ్లకు పరికరం ఉంటే, ఎదురుపడిన రెండింటికీ ఉండే అవకాశం 100కి 1. మొదట కొన్నవాళ్లకు ఫలం అందదు. మలుపు దగ్గరి స్తంభానికి రాడార్ కూడా కలిపి, అవతల బండి వస్తే ఇవతల దీపం వెలిగేలా చేస్తే, ఏ పరికరమూ లేని పాత జీపుకీ సైకిలుకీ కూడా హెచ్చరిక అందుతుంది. మా అభిప్రాయంలో కొండ జిల్లాలకు ముందు కావలసింది ఇదే. ప్రాజెక్టు చేయాలనుకుంటే దీన్నే తీసుకోండి. ఒక మలుపు ఎంచుకుని, రెండు వైపులా 50, 100, 150 మీటర్ల దగ్గర సిగ్నల్ బలం కొలిచి పట్టిక వేయడంతో మొదలుపెట్టండి. పశువుల మందకి రాడార్ ఎలా స్పందిస్తుందో కూడా తప్పక రాయండి. మన రోడ్ల మీద మొదట ఎదురయ్యేది అదే.

ప్రశ్న: గూగుల్ మ్యాప్‌లో రోడ్డు పచ్చగా చూపింది. వెళ్తే కొండచరియ పడి దారి మూసేసి ఉంది. ఎందుకిలా?
— నవరంగపురం నుంచి

జవాబు: ఆ రంగు ఎక్కువగా ఆ దారిలో కదులుతున్న ఫోన్ల వేగం నుంచి వస్తుంది. టవరు లేని చోట ఆగిపోయిన బండ్లలోని ఫోన్లు ఆ సంగతి అప్పటికప్పుడు పంపలేవు. తక్కువ బండ్లు తిరిగే దారిలో రంగుని నమ్మడానికి ఆధారమే ఉండదు. బయలుదేరే ముందు ఇంట్లోనే ఆ ప్రాంతం మ్యాపుని ఆఫ్‌లైన్‌గా దించుకోండి. దారి చూపడానికి అది చాలు, ట్రాఫిక్ సంగతి మాత్రం చెప్పదు. వానాకాలంలో ఘాట్ ఎక్కే ముందు అప్పుడే దిగివచ్చిన లారీ డ్రైవర్లని కింద టీకొట్టు దగ్గర అడిగి వెళ్లండి.